పొట్టు పైకి రావాలంటే: చెక్క డ్రిల్ బిట్ మనమే డిజైన్ చేద్దాం

నమస్కారం అండీ. ముందు నా రెండు చేతులూ చూడండి. కుడి చేతిలో ఉన్నవి చిత్రిక పట్టినప్పుడు వచ్చినట్టు చుట్టలు చుట్టుకున్న పేళ్లు. ఎడమ చేతిలో ఉన్నది నల్లబడిన పిండి, మాడిన వాసన కూడా వస్తోంది. రెండూ ఒకే వేప దూలంలోంచి తీసినవే. బిట్ సైజు కూడా ఒకటే, 20 మిల్లీమీటర్లు. తేడా అంతా బిట్ గాడిలో, అంటే పొట్టు పైకి రావడానికి బిట్ చుట్టూ మెలికగా తీసిన కాలువలో ఉంది.

పోయిన వానాకాలం ఉప్పల్‌లో ఒక ఇంటికి దర్వాజా బిగిస్తున్నాం. చెక్క ఇంకా పూర్తిగా ఆరలేదు. నాలుగు అంగుళాలు దిగగానే బిట్ పట్టేసింది. బిట్ ఆగింది కానీ మిషన్ ఆగలేదు, నా మణికట్టు మెలిపడింది. పది రోజులు ఆ చేత్తో చాయ్ కప్పు ఎత్తలేకపోయాను. తర్వాత బిట్ తీసి చూస్తే పదును బాగానే ఉంది. కోసిన పొట్టుకు పైకి వచ్చే దారి లేదు, అంతే. అప్పటి నుంచి ఏ బిట్ చేతికి తీసుకున్నా ముందు గాడి చూస్తాను, అంచు ఆ తర్వాతే.

ఈ చిన్న లెక్క చూడండి. 20 మిల్లీమీటర్ల రంధ్రం, 150 మిల్లీమీటర్ల లోతు. అంటే మనం తీసేసే చెక్క సుమారు 47 మిల్లీలీటర్లు, ఇరానీ చాయ్ కప్పులో సగం. ఆ రంధ్రంలోంచి వచ్చిన పేళ్లన్నీ ఇదిగో, ఈ కొలత గ్లాసులో పోస్తున్నా. 140 దాటింది. దాదాపు మూడింతలు! ఆ ఉబ్బినదంతా అదే రంధ్రంలోంచి, అదీ బిట్ లోపల ఉండగానే బయటికి రావాలి.

మరి పొట్టు పైకి ఎలా ఎక్కుతుంది? బిట్ తిరుగుతుంది కాబట్టి అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఈ బోల్టు, నట్టు చూడండి. నట్టును వేళ్లతో గట్టిగా పట్టుకుని బోల్టు తిప్పుతున్నా, నట్టు పైకి నడుస్తోంది. ఇప్పుడు నట్టును వదిలేసి తిప్పుతున్నా. బోల్టుతో పాటే గిర్రున తిరుగుతోంది, ఉన్నచోటే ఉంది. పొట్టు కూడా ఇంతే. రంధ్రం గోడ దాన్ని కాస్త ఆపి పట్టుకోవాలి, గాడి దాని కింద నుంచి జారిపోవాలి. గాడికే అతుక్కుందా, బిట్‌తో పాటు తిరుగుతూ, నలిగి, వేడెక్కి, గట్టి బిరడాలా బిగుసుకుంటుంది. అందుకే గాడి లోపల అద్దంలా పాలిష్ ఉండాలి. పైపైన మెరిసేలా రంగు పూస్తే సరిపోదండీ. వేలు పెట్టి చూస్తే గ్రైండింగ్ గీత కూడా తగలకూడదు.

ఇంట్లో ఉండే మామూలు మెలికల బిట్ ఇనుము కోసం పుట్టింది. అమెరికాలో స్టీఫెన్ మోర్స్ 1863లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. మొన సాధారణంగా 118 డిగ్రీలు ఉంటుంది. ఇనుముకు నార లేదు, చెక్కకు ఉంది. నారను ముందే తెంపకపోతే అది పీచులా లేచి గాడికి చుట్టుకుంటుంది. కాబట్టి మన బిట్‌కు అంచు చివర ఒక కత్తి పన్ను కావాలి. అది అంచు కన్నా కొంచెం కిందికి దిగి, చుట్టూ గీత కోస్తుంది. వెనకే అంచు వచ్చి ఆ ముక్కను లేపుతుంది.

మొనలో స్క్రూ పెడుతున్నాం. స్క్రూ మర, అంటే ఒక మెలికకూ పక్క మెలికకూ మధ్య దూరం, ఎంత ఉంటే బిట్ ప్రతి చుట్టుకూ అంత దిగుతుంది. మర 1.5 మిల్లీమీటర్లు, అంచు ఒక్కటే అయితే పేడు మందం కూడా అంతే. అంచులు రెండైతే మందం సగానికి పడిపోతుంది, పొట్టు సన్నబడుతుంది. 1855లో రసెల్ జెన్నింగ్స్ పేటెంట్ చేసిన జంట మెలికల బర్మా (చెక్కకు రంధ్రం చేసే బిట్) అలాంటిదే. ఆరిన టేకులో నున్నటి రంధ్రం చేస్తుంది, ఫర్నిచర్‌కు నాకు అదంటేనే ఇష్టం. తడి చెక్కలో మాత్రం దాని ఇరుకు గాళ్లు పూడుకుపోతాయి. దర్వాజా పనికి ఒకే అంచు, ఒకే వెడల్పాటి గాడి, మధ్యలో గట్టి వెన్ను. ఇదే మన డిజైన్.

వెన్ను దగ్గరే తప్పు జరుగుతుంది. చోటు కావాలని వెన్నును 8 మిల్లీమీటర్ల నుంచి 6కు తగ్గించామనుకోండి. మొత్తం రంధ్రం కోతలో మనకు కలిసొచ్చే చోటు ఏడు శాతం. కానీ మెలితిప్పును తట్టుకునే బలం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది, అది సగానికి పైగా పోతుంది! అందుకని వెన్ను ముట్టుకోవద్దు. చుట్టూ తిరిగే రెక్కను పల్చన చేయండి, చోటు అక్కడ దొరుకుతుంది.

గాడి వాలు కూడా చూసుకోవాలి. నేను ఒక చుట్టుకు 36 మిల్లీమీటర్లు పెట్టాను, బయటి అంచు దగ్గర సుమారు 30 డిగ్రీల ఎక్కుడు వస్తుంది. మరీ నిటారుగా పెడితే రెక్క పొట్టును పైకి కన్నా పక్కకే ఎక్కువ తోస్తుంది. మరీ పడుకోబెడితే దారి పొడుగై రాపిడి పెరుగుతుంది.

అంచు పైన పొట్టు మలుపు తిరిగే చోటును నేను గొంతు అంటాను. బిట్ పట్టేస్తే నేను మొదట చూసేది అక్కడే. గొంతు కన్నా పై గాడి ఎక్కడా ఇరుకు కాకూడదు, మూల గుండ్రంగా ఉండాలి. తల 20 ఉంటే ఒంటిని 19.5 చేయండి, గోడకు రాసుకోదు. ఇంకా తగ్గిస్తే ఆ సందులోకి పేళ్లు దూరి ఇరుక్కుంటాయి. గాడి పొడవు రంధ్రం లోతు కన్నా ఎక్కువ ఉండాలి. గాడి చెక్క లోపలే ముగిసిపోతే పొట్టుకు బయటికి దారే ఉండదు.

పదును పెట్టేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. పన్నును ఆకురాయితో లోపలి వైపే రుద్దాలి. బయట రుద్దితే రంధ్రం సైజు తగ్గి బిట్ ఒళ్లంతా అందులో బిగుస్తుంది.

ఈ డ్రాయింగ్ తీసుకుని బాలానగర్‌లో ఒక గ్రైండింగ్ షాపులో నమూనా చేయించాను. ఇప్పుడు అదే వేప దూలం. మిషన్ తక్కువ స్పీడు గేర్‌లో ఉంది, పక్క హ్యాండిల్ రెండో చేతిలో ఉంది. మీరూ అది లేకుండా చేయొద్దు, ప్లీజ్. ఆన్ చేస్తున్నా.

చూస్తున్నారా, పేళ్లు ఎలా పొర్లుకుంటూ వస్తున్నాయో! ఆరు అంగుళాలు, ఒక్కసారి కూడా బిట్ బయటికి తీయలేదు. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తా. గొంతులో, ఈ మూలన, గోరంత పేడు ఒకటి ఆగిపోయింది. అక్కడ పాలిష్ సరిగా పడలేదు, వేలికి గరుకుగా తగులుతోంది. రేపు ఆ మూలను ఇంకాస్త గుండ్రంగా తీయించి, మళ్లీ ఇదే దూలంలో దించుతాను.