జూలై 1 ఎలా జూన్ 30 అయింది

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మొదటి ప్రసంగం నాకిచ్చారు, పైగా అంశం జేసన్, అంటే ప్రోగ్రాములు ఒకదానికొకటి సమాచారం పంపుకునేటప్పుడు రాసే పద్ధతి. నిద్ర ఆగనివాళ్లు వెనక వరసలోకి వెళ్లొచ్చు, నేనేమీ అనుకోను.

కొన్నేళ్ల కిందట ఒక క్లినిక్‌కి పేషెంట్ల రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. పెట్టిన వారానికే ఒక పెద్దాయన ఓపీ చీటీ పట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చారు. "అమ్మాయ్, నాది జూలై 1. ఇందులో జూన్ 30 అని ఉందేంటి?" అమ్మాయి సరిచేసి ప్రింటు తీసింది. మళ్లీ జూన్ 30. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన కోప్పడలేదు. "నేనెప్పుడు పుట్టానో మా అమ్మకే గుర్తులేదు నాయనా. బళ్లో వేసేటప్పుడు మాస్టారు జూలై 1 అని రాసుకున్నారు. అరవై ఏళ్లుగా అన్ని ఆఫీసులూ ఆ అబద్ధాన్ని ఉన్నదున్నట్టు దింపుకున్నాయి. మీ కంప్యూటర్‌కే దాని మీద అనుమానం వచ్చింది" అన్నారు.

తప్పు నాదే. స్క్రీన్ మీద క్యాలెండర్లో జూలై 1 నొక్కితే బ్రౌజర్ ఒక డేట్ ఆబ్జెక్టు తయారుచేస్తుంది. దాని దృష్టిలో అది రోజు కాదు, ఒక క్షణం: జూలై 1, మన టైము ప్రకారం అర్ధరాత్రి పన్నెండు. జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగిఫై చేస్తే, అంటే జేసన్ అక్షరాలుగా రాయిస్తే, ఆ క్షణాన్ని గ్రీన్‌విచ్ లెక్కలోకి మార్చి రాస్తుంది. మనం ఐదున్నర గంటలు ముందున్నాం కదా, అక్కడింకా జూన్ 30 సాయంత్రం ఆరున్నరే. సర్వర్ వైపు నేను ఆ వరసలో మొదటి పది అక్షరాలు కత్తిరించి తేదీగా దాచుకున్నాను. అంతే.

అమెరికాలో కూర్చుని ఇదే కోడ్ రాసినవాడికి ఈ తప్పు కనిపించదు. వాడి అర్ధరాత్రి గ్రీన్‌విచ్‌లో అదే తేదీ తెల్లవారుజామున పడుతుంది, పది అక్షరాలు కత్తిరించినా తేదీ మారదు. నెట్‌లో దొరికిన ఉదాహరణ మన ఊళ్లో మాత్రమే పాడైందంటే ముందు టైమ్ జోన్‌ని అనుమానించండి.

అసలు ఈ మార్పిడి ఎందుకు? ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ ఆబ్జెక్టు అంటే మెమరీలో ఒక చోటు, అక్కడి నుంచి ఇంకో చోటికి చూపించే బాణాలు, దానికి తెలిసిన కొన్ని పనులు. ఆ చోటు నంబరు పక్క మెషీన్లో దేనికీ పనికిరాదు. అందుకని విప్పి, వరసగా పేర్చి, అక్షరాలుగా రాసి పంపుతాం. అదే సీరియలైజ్ చెయ్యడం. అవతల చదివి మళ్లీ బిగించడం డీసీరియలైజ్.

మా చిన్నప్పుడు ఇల్లు మారిన ప్రతిసారీ మా నాన్నగారు నవారు మంచం విప్పేవారు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, చుట్టచుట్టిన నవారు. లారీ ఎక్కేది మంచం కాదు, కర్రలూ గుడ్డా. ఏ పట్టె తలవైపుదో సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. అల్లిక మాత్రం లారీలో రాదు. అల్లడం వచ్చినవాడు అవతల ఇంట్లో ఉండాలి. జేసన్‌లోనూ ఇంతే. విలువలు ప్రయాణం చేస్తాయి, వాటితో ఏం చెయ్యాలన్నది దిగేచోట ముందే ఉండాలి.

జేసన్‌కి 2001లో ఆ రూపమూ పేరూ ఇచ్చినవాడు డగ్లస్ క్రాక్‌ఫర్డ్. తాను దాన్ని తయారుచెయ్యలేదనీ, జావాస్క్రిప్ట్‌లో అప్పటికే ఉన్నదాన్ని గమనించాననీ ఆయనే చెప్పుకుంటాడు. వ్యాకరణం మొత్తం విజిటింగ్ కార్డు వెనక పడుతుంది: అక్షరాల వరస, సంఖ్య, అవును-కాదు, నల్ (విలువ లేదని గుర్తు), జాబితా, పేర్లూ విలువల జత. ఇంకేమీ లేదు. తేదీ లేదు. కామెంట్లు, అంటే చదివే మనిషి కోసం పక్కన రాసుకునే వివరణలు, కూడా లేవు. కామెంట్లలో జనం పార్సర్‌కి (జేసన్‌ని చదివే ప్రోగ్రాంకి) ఆదేశాలు రాసుకోవడం చూసి, ఒకరి ఫైలు ఇంకొకరికి అర్థం కాకుండా పోతుందని ఆయనే తీసేశాడు. దాని మీద ఇప్పటికీ తిట్టుకునేవాళ్లున్నారు, నేనూ అప్పుడప్పుడు ఆ గుంపులో చేరతాను. 2013లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ నుంచి ప్రమాణం వచ్చింది, ఇప్పుడు అమల్లో ఉన్న ఇంటర్నెట్ ప్రమాణం 2017 నాటిది.

జేసన్ మన కోడ్ రాసేవాళ్ల సొంతం అనుకోకండి. మీ ఇంట్లో ట్యాక్స్ ప్రాక్టీసు చేసేవాళ్లుంటే అడగండి. జీఎస్టీ రిటర్ను ఆఫ్‌లైన్ టూల్లో నింపాక చివర్లో బయటికొచ్చేది జేసన్ ఫైలే. కోడ్ ఒక్క లైనూ రాయని గుమాస్తా కూడా "జేసన్ అప్‌లోడ్ అవ్వట్లేదు సార్" అంటాడు. అలాగని అంతా జేసన్ కాదు. మీరు టీ కొట్టు దగ్గర స్కాన్ చేసి కట్టే పది రూపాయల యూపీఐ సందేశం బ్యాంకుల మధ్య ఎక్స్‌ఎంఎల్ అనే ఇంకో రాత పద్ధతిలో తిరుగుతుంది.

ఇప్పుడు సంఖ్యల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. సంఖ్య ఎంత పెద్దదిగా ఉండొచ్చో జేసన్ ప్రమాణం హద్దు చెప్పదు. చదివేవాడి ఓపిక అంటుంది. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలన్నిటినీ 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో ఉంచుకుంటుంది కాబట్టి పూర్ణాంకాలు 9007199254740991 వరకే నమ్మకంగా నిలుస్తాయి. చివరి మూడంకెల బదులు 993 పెట్టి పార్స్ చెయ్యండి, 992 అని తిరిగొస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. 2010లో ట్విట్టర్ తన ట్వీట్ల నంబర్లు ఈ హద్దు దాటబోతున్నాయని తెలిసి, అదే నంబరును అక్షరాలుగా ఇంకో గడిలో కూడా పంపడం మొదలుపెట్టింది. ఒకే సమాచారం రెండుసార్లు. చూడ్డానికి బాగోదు, కానీ అప్పటికే నడుస్తున్న యాప్‌లు విరగకుండా చెయ్యాలంటే దారి అదే.

నేను పాటించే లెక్క ఇది: దేన్ని కూడికా తీసివేతా చెయ్యమో అది సంఖ్య కాదు. ఖాతా నంబరు, ఆధార్, ఫోను, అన్నీ అక్షరాలే. విజయవాడ ఎస్టీడీ కోడ్ 0866ని సంఖ్యగా దాచుకున్నవాడికి సున్నా పోయి 866 మిగులుతుంది. ఇక డబ్బు. పైథాన్ భాషలో డెసిమల్‌గా (పైసలు కచ్చితంగా నిలిచే రకంగా) ఉన్న మొత్తాన్ని నేరుగా జేసన్ చెయ్యబోతే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ మంచిది, మీకు ఆలోచించుకునే టైమిస్తోంది. మనవాళ్లు ఆలోచించరు, ఫ్లోట్‌లోకి (పైసలు సుమారుగానే నిలిచే రకంలోకి) మార్చి నోరు మూయిస్తారు. పైసల్లో పూర్ణాంకంగా పంపండి, లేదా అక్షరాలుగా పంపండి.

లేకపోవడం గురించి. మార్కులు 0, మార్కులు నల్, మార్కులు అనే గడే లేకపోవడం: ఈ మూడూ ఒకటి కాదు. సున్నా వచ్చిన పిల్లాడు వేరు, పేపరు ఇంకా దిద్దని పిల్లాడు వేరు, ఆ సబ్జెక్టే తీసుకోని పిల్లాడు వేరు. గో భాషలో మామూలు పూర్ణాంకపు గడి పెట్టి చదివితే ముగ్గురికీ సున్నాయే పడుతుంది. ఇంటికెళ్లి తిట్లు తినేది ముగ్గురూ.

బాణాల మాట ముందే అన్నాను. తండ్రి ఆబ్జెక్టులో పిల్లలు, పిల్లల ఆబ్జెక్టులో తండ్రి ఉంటే స్ట్రింగిఫై ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అది సులువు, కనిపిస్తుంది కదా. కనిపించనిది ఇంకోటుంది. భార్యాభర్తల ఖాతాలు రెండూ ఒకే చిరునామా ఆబ్జెక్టు వైపు చూపిస్తున్నాయనుకోండి. జేసన్‌గా వెళ్లి తిరిగొచ్చేసరికి చిరునామాలు రెండవుతాయి. ఇల్లు మారాక భర్తది దిద్దితే భార్యది పాత ఇంట్లోనే ఉండిపోతుంది.

మన తెలుగు సంగతి. పైథాన్‌లో "తెలుగు" అన్న మాటను డంప్స్ చేస్తే, అంటే జేసన్‌గా రాయిస్తే, మామూలుగా మన లిపి కనిపించదు. ఒక్కో గుర్తు బదులు వెనక్కి వాలిన గీత, యూ, 0c24 లాంటి నాలుగు హెక్స్ అంకెలు వస్తాయి. ఆ మాటలో యూనికోడ్ గుర్తులు ఆరు. ఇప్పుడు అందరూ వాడే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో 18 బైట్లు, ఈ పద్ధతిలో 36. చూడగానే "సార్, తెలుగు పాడైపోయింది" అని ఫోన్లు వస్తాయి. పాడవలేదు. ఏ పార్సర్ చదివినా అదే మాట తిరిగొస్తుంది. చోటు కలిసిరావాలన్నా, ఫైలు తెరిచి కళ్లతో చదువుకోవాలన్నా ఆస్కీ (ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు) ఒక్కటే రాయమనే ఆ ఆప్షన్ తీసెయ్యండి. నిజంగా పాడైతే ఎలా ఉంటుందో తెలుసా? నెత్తిన గీత ఉన్న ఫ్రెంచి 'ఆ', పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఫ్రెంచి 'ఆ'. అలా వరసగా కనిపిస్తే మాత్రం యూటీఎఫ్-8 బైట్లను ఎవరో పాత పడమటి ఎన్‌కోడింగ్‌గా చదివారని అర్థం. అప్పుడు కంగారుపడండి.

చివరగా భద్రత. ఒకే పేరు రెండుసార్లు వస్తే ఏం చెయ్యాలో జేసన్ ప్రమాణం గట్టిగా చెప్పదు, రాకుండా ఉంటే మంచిదంటుంది. 2017లో కౌచ్‌డీబీ అనే డేటాబేసులో ఇదే కొంప ముంచింది. కొత్త వాడుకరి వివరాల్లో అధికారాల గడిని రెండుసార్లు రాశారు: మొదటిదాంట్లో అడ్మిన్, రెండోది ఖాళీ. తనిఖీ చేసే జావాస్క్రిప్ట్ పార్సర్ చివరిది చూసి, ఏ అధికారమూ అడగలేదు కదా, పోనీ అంది. తర్వాత అధికారాలు తేల్చే ఎర్లాంగ్ భాషలో రాసిన భాగం మొదటిది చూసింది. రెండు పార్సర్లూ తమతమ లెక్కలో తప్పు చెయ్యలేదు, అనామకుడు అడ్మిన్ అయ్యాడు.

దీనికన్నా పెద్దది, ఏ రకం ఆబ్జెక్టు తయారుచెయ్యాలో వచ్చిన డేటానే చెప్పనివ్వడం. 1997లో జావాలోకి వచ్చిన సొంత సీరియలైజేషన్ అలాంటిది. 2015లో పరిశోధకులు అందరూ వాడే ఒక లైబ్రరీలోని క్లాసులనే (ఆబ్జెక్టుల నమూనాలనే) గొలుసుగా కట్టి, కేవలం చదివించడంతోనే సర్వర్ మీద తమకు కావలసిన ఆదేశం నడిపించి చూపించారు. ఒరాకిల్‌లో జావా ప్రధాన రూపశిల్పి మార్క్ రైన్‌హోల్డే తర్వాత అది ఘోరమైన పొరపాటని ఒప్పుకున్నాడు. పైథాన్ సొంత సీరియలైజేషన్ పికిల్ కూడా ఆ జాతిదే, బయటినుంచి వచ్చిన పికిల్ ఫైలు తెరవొద్దని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. "మేం జేసనే వాడుతున్నాం, మాకేం భయం" అనకండి. జావాలో జాక్సన్ లైబ్రరీకి డిఫాల్ట్ టైపింగ్ అనే వెసులుబాటు ఉంది. అది తెరిస్తే జేసన్‌లో క్లాసు పేరు రాసి పంపొచ్చు, 2017 నుంచి దాని మీద వరసగా దాడి మార్గాలు బయటపడ్డాయి. ఏ పట్టె ఎక్కడిదో సుద్దతో రాయడం వరకు సరే. పెట్టె మీద "తెరవగానే పొయ్యి వెలిగించు" అని రాసుంటే వెలిగించే మనిషిని ఇంట్లో పెట్టుకోకూడదు. ఈ గడిలో ఈ రకమే ఉండాలని చదివేవైపు ముందే రాసుకోవాలి, సరిపడనిది వస్తే తిప్పి పంపాలి.

క్లినిక్ సంగతి సగంలో వదిలేశాను. పుట్టినరోజుని టైము లేకుండా సంవత్సరం, నెల, రోజు అని పది అక్షరాలుగా పంపేలా మార్చాను. అపాయింట్‌మెంట్ మాత్రం నిజంగా క్షణమే కాబట్టి చివర +05:30 తగిలించి పంపాను. ఇదంతా గంట పని. అప్పటికే పాడైన రికార్డుల సంగతే చచ్చినంత పనైంది. అన్నిటికీ ఒక రోజు కలిపేద్దామనుకున్నాను. కుదరలేదు. రికార్డు తెరిచి ఫోను నంబరు మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ తేదీ ఇంకో రోజు వెనక్కి జారింది, ఒక పాపది నాలుగు రోజులు. ఏ రికార్డు ఎన్నిసార్లు జారిందో డేటాబేసులో ఎక్కడా లేదు. కౌంటర్ అమ్మాయీ నేనూ ఒక ఆదివారమంతా కూర్చుని పేషెంట్లు చేత్తో నింపిన కాగితం ఫారాలు ఒక్కొక్కటీ చూసి దిద్దాం. పెద్దాయన ఫారం మధ్యాహ్నం మూడింటికి దొరికింది. జూలై 1.

ప్రశ్నలుంటే అడగండి. జేసన్ లాంటిదే ఇంకో రాత పద్ధతి యామల్ గురించి అయితే బయట టీ దగ్గర, మైకు లేకుండా.