పింగాణీ మీద నీలి పూలు: విక్టోరియా కాలపు మరుగుదొడ్ల రివ్యూ

నమస్కారం. ఈ రోజు రివ్యూకు తీసుకున్న వస్తువు పేరు వినగానే కొందరు ముఖం చిట్లించవచ్చు. సుమారు 140 ఏళ్ల కిందట ఇంగ్లండులో తయారైన, పూలూ తీగలతో అలంకరించిన పింగాణీ కమోడ్లను పరిశీలించబోతున్నాం.

ముందుగా, ఆ అలంకారం అవసరం ఎక్కడ పుట్టిందో చూద్దాం. అంతకు ముందు సంపన్నుల ఇళ్లలో కమోడ్‌ను చెక్కపెట్టెలో బిగించేవారు కాబట్టి, లోపలి లోహపు భాగాలూ, తడిసిన చెక్కా, మూలల్లో పేరుకున్న మురికీ ఎవరి కంటా పడేవి కావు. 1858 వేసవిలో థేమ్స్ నది దుర్గంధం లండన్ నగరాన్ని ఉక్కిరిబిక్కిరి చేసిన తరువాత పారిశుద్ధ్యం మీద పట్టింపు పెరిగింది. 1883లో పింగాణీ సామాన్ల తయారీదారు థామస్ ట్వైఫర్డ్ తెచ్చిన 'యూనిటాస్' అనే కమోడ్ మొత్తం ఒకే మట్టిపనిగా రూపొంది, ఏ పెట్టె ఆసరా లేకుండా నేల మీద నిలబడింది. చుట్టూ కడగడం సులువైంది గానీ, అంతదాకా చాటున ఉన్నది బయటపడింది. బయటపడ్డాక చూడముచ్చటగా ఉండాలి కదా! కుండల పనికి పేరుపడ్డ ఇంగ్లండు పట్టణం స్టోక్-ఆన్-ట్రెంట్ పనివారు టీ కప్పుల మీదా, భోజనపు పళ్లేల మీదా అప్పటికే వేస్తున్న నీలి పూలను ఈ కమోడ్ పీఠాల మీదికీ తెచ్చారు.

ఆ పూలు చేత్తో గీసినవని పొరబడవద్దు. రాగి రేకు మీద చెక్కిన బొమ్మను పలుచని కాగితం మీద ముద్రించి, ఆ కాగితాన్ని ఒకసారి కాల్చిన పాత్రకు అద్ది, దాని మీద గ్లేజు (గాజులా మెరిసే పూత) పూసి మళ్లీ కాల్చేవారు. రంగు గ్లేజు అడుగున ఉండిపోతుంది కనుక ఎంత తోమినా చెరగదు. కొన్ని నమూనాలలో గిన్నె లోపల కూడా పూలు కనిపిస్తాయి. ఎవరు చూసి మెచ్చుకోవాలని అంత శ్రమపడ్డారో గానీ, నా మనసు దోచినవి మాత్రం అవే.

డాల్ఫిన్ ఆకారంలో మలచిన ప్రసిద్ధ నమూనాకు నేను అంత ఎక్కువ మార్కులు వేయలేను. శిల్పంగా అది అద్భుతమే, కానీ ఆ ఎగుడుదిగుడు మలుపులలో దుమ్ము నిలుస్తుంది. చెక్కపెట్టెను వదిలించుకున్నది దేనికోసమో అక్కడ మరచిపోయినట్లుంది.

ఇక పనితీరు. యూనిటాస్ గిన్నె లోతు తక్కువ కావడంతో నీటి వేగం అందులోనే చాలావరకు తగ్గిపోయేది. 1884లో లండన్ ఆరోగ్య ప్రదర్శనలో జెన్నింగ్స్ అనే మరో తయారీ సంస్థ వారి పీఠం 2 గ్యాలన్ల నీటితో 10 చిన్న ఆపిల్ పళ్లనూ, ఒక స్పాంజినీ ఊడ్చుకుపోయి బంగారు పతకం గెలుచుకుంది. ఈనాటి ప్రకటనలలో కూడా ఇంత నిజాయితీ గల పరీక్ష అరుదు.

పూలు ఎక్కువ కాలం నిలవలేదు. సూక్ష్మక్రిముల గురించిన జ్ఞానం విస్తరించే కొద్దీ, మరకను దాచే రంగు కంటే దాన్ని పట్టిచ్చే తెలుపే మేలని కొనేవారు భావించారు. పెట్టెను తీయించి పూలకు చోటిచ్చిన శుభ్రతే, చివరకు ఆ పూలనూ తుడిచేసింది.

చూడాలనుకునేవారికి స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని గ్లాడ్‌స్టోన్ కుండల మ్యూజియం ఉత్తమం. అంత దూరం వెళ్లలేనివారికి బిందేశ్వర్ పాఠక్ 1992లో న్యూఢిల్లీలో నెలకొల్పిన సులభ్ మరుగుదొడ్ల మ్యూజియం ఉంది.