హాలోజెన్ కారుకి హెచ్ఐడీ పెట్టాలా? బల్బు కొనేముందు చూడాల్సినవి

[తెర: రెండు కార్లు పక్కపక్కన, ముందు నుంచి. ఎడమ పక్క సయాన్ ఎఫ్ఆర్-ఎస్, కుడి పక్క సుబారు బీఆర్‌జెడ్. ముందు హెడ్‌లైట్లు ఆపి, తర్వాత వేసి.]

ఈ రెండూ అన్నదమ్ముల్లాంటి కార్లు. జపాన్‌లో గున్మా ప్రాంతంలోని ఓటాలో, సుబారు ఫ్యాక్టరీలోనే రెండూ తయారయ్యాయి. ఇంజిన్ ఒకటే, ఛాసీ ఒకటే. అమెరికాలో అమ్మిన 2013 నుంచి 2016 మోడళ్ళలో హెడ్‌లైట్ దగ్గర మాత్రం తేడా ఉంది. సయాన్‌కి హాలోజెన్ ఇచ్చారు, సుబారుకి హెచ్ఐడీ, అంటే తీగ లేకుండా ఆర్క్‌తో వెలిగే జినాన్ లైటు, ఇచ్చారు. 2017 మోడల్ నుంచి రెండిటికీ ఎల్ఈడీ వచ్చేసింది, సయాన్ పేరు కూడా టొయోటా 86 అయిపోయింది.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో సెకండ్ హ్యాండ్‌లో వీటిని చూస్తున్నవాళ్ళకి రెండు సందేహాలు వస్తాయి. హెచ్ఐడీ ఉన్న కారుకి కాస్త ఎక్కువ పెట్టొచ్చా? హాలోజెన్‌ది కొనేసి తర్వాత అదే హెడ్‌లైట్‌లో హెచ్ఐడీ బల్బు బిగించే కిట్ వేసుకుంటే సరిపోదా? మొదటిదానికి మా జవాబు: పెట్టొచ్చు, కండిషన్ చూసుకుని. రెండోదానికి: వద్దు. ఎందుకో చూద్దాం.

[తెర: హాలోజెన్ బల్బు, పక్కన డీ4ఎస్ రకం హెచ్ఐడీ బల్బు, క్లోజప్‌లో.]

హాలోజెన్‌లో సన్నటి టంగ్‌స్టన్ తీగ కాలి వెలుగిస్తుంది. 55 వాట్లు తీసుకుని, హెచ్11 రకం బల్బు అయితే సుమారు 1,350 ల్యూమెన్ల వెలుగు, హెచ్7 అయితే సుమారు 1,500 ఇస్తుంది. హెచ్ఐడీలో తీగ ఉండదు. చిన్న క్వార్ట్జ్ గదిలో జినాన్ వాయువు, లోహ లవణాలు ఉంటాయి. ఇగ్నైటర్ 20 వేల వోల్టులకు పైగా కొట్టి రెండు కొనల మధ్య ఆర్క్ పుట్టిస్తుంది, ఆ తర్వాత బ్యాలాస్ట్ అనే కరెంటు పెట్టె దాన్ని 35 వాట్ల దగ్గర నిలబెడుతుంది. వెలుగు 3,200 ల్యూమెన్ల దాకా వస్తుంది. అంటే కరెంటు తక్కువ, వెలుగు రెట్టింపు. ఆయుష్షు కూడా ఎక్కువే. మామూలు హాలోజెన్ 500 నుంచి 1,000 గంటలు వస్తే, మంచి హెచ్ఐడీ 2,000 గంటలు దాటుతుంది.

కాగితం మీద హెచ్ఐడీదే గెలుపు. కాకపోతే రోడ్డు మీద పడేది బల్బు వెలుగు కాదు. దాన్ని వెనకున్న అద్దం లాంటి రిఫ్లెక్టరో, ముందు కటకం ఉన్న ప్రొజెక్టరో మలిచి విసిరిన బీమ్ మనకి కనిపిస్తుంది. కిట్‌ల గొడవంతా అక్కడే మొదలవుతుంది.

[తెర: హెచ్4 బల్బు. లో బీమ్ తీగ కింద ఉన్న లోహపు కప్పు మీద బాణం.]

ఈ హెచ్4 బల్బుని దగ్గరగా చూడండి. లో బీమ్ తీగ కింద చెంచా ఆకారంలో చిన్న లోహపు కప్పు ఉంది. కిందికి పోయే వెలుగుని అది ఆపేస్తుంది. ఆ వెలుగు రిఫ్లెక్టర్ కింది సగానికి తగిలిందంటే పైకి ఎగిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. ఇదే సాకెట్‌లో కూర్చునే హెచ్ఐడీ కిట్ బల్బుని తీసుకోండి. చాలావాటికి ఆ కప్పు ఉండదు, లేదా పైన ఒక రేకు గొట్టం తొడిగి ఉంటుంది. హై, లో మారడానికి సోలెనాయిడ్ అనే చిన్న విద్యుత్ అయస్కాంతం బల్బునే ముందుకీ వెనక్కీ జరుపుతుంది. నాలుగు వానలు పడి తుప్పు పడితే అది మధ్యలో ఇరుక్కుంటుంది, అప్పుడు లో బీమూ లేదు, హై బీమూ లేదు.

హెచ్7, హెచ్11 లాంటి ఒంటి తీగ బల్బుల్లో కప్పు గొడవ లేదు, నిజమే. అక్కడ చిక్కు వేరు. హాలోజెన్ తీగ వంపు లేకుండా తిన్నగా ఉంటుంది, వెలుగు దాని పొడవునా పరుచుకుంటుంది. ఆర్క్ పైకి వంగుతుంది, రెండు కొనల దగ్గర ఎక్కువ మెరుస్తుంది, పైగా పక్కనుంచి వెనక్కి వచ్చే వైరు నీడ కూడా బీమ్‌లో పడుతుంది. రిఫ్లెక్టర్‌ని మిల్లీమీటర్‌లో వంతుల లెక్కన తీగ కోసం గీశారు. అందులో వేరే ఆకారంలో ఉన్న వెలుగు పెడితే దగ్గర్లో రోడ్డు తెల్లగా మెరుస్తుంది, దూరం మాత్రం కనపడదు. బంపర్ ముందు అంత వెలుగు ఉండేసరికి కంటిపాప చిన్నదై దూరం ఇంకా చీకటిగా అనిపిస్తుంది. డ్రైవర్ మాత్రం "అబ్బ, ఏం కొడుతోందిరా!" అనుకుంటాడు.

[తెర: గోడ మీద రెండు బీమ్‌లు. ఒకటి పదునైన కటాఫ్‌తో, ఇంకొకటి పైకి చెదిరిపోయి.]

వైరింగ్ సంగతి. స్టార్ట్ అయ్యే ఆ కొన్ని క్షణాల్లో బ్యాలాస్ట్ మామూలు కంటే చాలా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. హాలోజెన్ కోసం వేసిన 10 ఆంపియర్ల ఫ్యూజ్ అక్కడే ఎగిరిపోవచ్చు. చాలామంది అప్పుడు చేసే పని, 10 తీసి 20 పెట్టడం. ఫ్యూజ్ ఉన్నది వైరుని కాపాడటానికి. సన్న వైరు మీద పెద్ద ఫ్యూజ్ పెడితే ఈసారి కాలేది వైరే.

రంగు గురించి రెండు మాటలు. దాన్ని కెల్విన్‌లలో చెప్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం. కంపెనీ ఇచ్చే హెచ్ఐడీ 4,300 కెల్విన్ దగ్గర ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో "8,000 కావాలా?" అని అడిగితే మొహమాటం లేకుండా వద్దనండి. నీలం పెరిగేకొద్దీ పనికొచ్చే వెలుగు తగ్గుతుంది, తడి తారు రోడ్డు మీద అసలు ఆనదు. నీలం పూత పూసిన హాలోజెన్‌లదీ అదే కథ.

[తెర: పక్క నుంచి కారు బొమ్మ. హెడ్‌లైట్ ఎత్తు 60 సెంటీమీటర్లు, వాలు గీత.]

ఇప్పుడు స్పోర్ట్స్ కారుకి మాత్రమే వచ్చే చిక్కు. వీటి ముక్కు నేలకి దగ్గరగా ఉంటుంది. హెడ్‌లైట్ 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, బీమ్ 1 శాతం కిందికి వాలి ఉందనుకోండి. వెలుగు పైన ఆగిపోయే హద్దు, అంటే కటాఫ్ గీత, 60 మీటర్ల దగ్గర రోడ్డుని తాకుతుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ మీద కాలు పడేలోపే ఒకటిన్నర సెకనులో 42 మీటర్లు పోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ కొట్టినా ఇంకో 55 మీటర్ల దాకా పడుతుంది. కలిపితే 97. ఏ బల్బు వేసినా లో బీమ్‌తో ఆ వేగం చెల్లదు.

దీనికి తోడు కారుని ఇంకా కిందికి దించే లోవరింగ్ స్ప్రింగులు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్) 2,570 మిల్లీమీటర్లు. ముందు కంటే వెనక 15 మిల్లీమీటర్లు ఎక్కువ దిగిందనుకోండి. ముక్కు 0.58 శాతం పైకి లేస్తుంది. 1 శాతం వాలు కాస్తా 0.42 అయిపోయి, 60 మీటర్ల గీత 140 మీటర్లు దాటుతుంది. ఎదురొచ్చేవాళ్ళందరి కళ్ళూ బైర్లు కమ్ముతాయి. తిరగేసి, ముందు 15 ఎక్కువ దిగితే గీత 38 మీటర్లకే ఆగిపోతుంది. స్ప్రింగులు మార్చిన రోజే హెడ్‌లైట్ ఎయిమ్, అంటే బీమ్ పడే ఎత్తు, కూడా సరిచేయించుకోవాలి. వీల్ అలైన్‌మెంట్‌కి డబ్బులిస్తారు, దీన్ని మాత్రం మర్చిపోతారు.

ఐరోపాలో 2,000 ల్యూమెన్లు దాటిన లో బీమ్‌కి ఆటో లెవెలింగ్ (కారు వాలిన కొద్దీ బీమ్‌ని తనే సరిచేసుకోవడం), హెడ్‌లైట్ వాషర్ తప్పనిసరి చేసింది ఇందుకే. 25 వాట్ల డీ5ఎస్ బల్బుని సరిగ్గా ఆ గీత లోపల ఉండేలా తయారుచేశారు. ఆటో లెవెలింగ్ ఉన్న కారుకి స్ప్రింగులు మారిస్తే సస్పెన్షన్ చేయి దగ్గరున్న సెన్సర్ కడ్డీని చూడండి. అది వంగినా, ఊడినా లైట్లు నేల చూపులు చూస్తాయి.

[తెర: గోడకి ఎదురుగా కారు, టేప్‌తో గీతలు.]

ఎయిమ్ ఇంట్లోనే చూసుకోవచ్చు. చదునైన నేల కావాలి. టైర్లలో సరైన గాలి, సగం ట్యాంకు పెట్రోలు, డ్రైవర్ సీట్లో మనిషి. మన దేశంలో అయితే కారుని గోడకి 10 మీటర్ల దూరంలో నిలిపి, హెడ్‌లైట్ మధ్య ఎత్తుని గోడ మీద గుర్తు పెట్టండి. కటాఫ్ దానికి 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. అమెరికాలో లెన్స్ మీద అక్షరాలు చూడండి. వీఓఆర్ అని ఉంటే కటాఫ్ కుడి భాగం లైటు ఎత్తుకే రావాలి. వీఓఎల్ అని ఉంటే 25 అడుగుల దూరంలో ఎడమ భాగం 2.1 అంగుళాలు కిందికి రావాలి.

ఇంకొక సంగతి. అమెరికా హెడ్‌లైట్ల బీమ్ కుడి పక్క దూరం చూపిస్తుంది, ఎందుకంటే వాళ్ళకి రోడ్డు అంచు అటుంది. నెట్‌లో చవగ్గా దొరికిందని ఆ అసెంబ్లీని తెప్పించి మన దగ్గర బిగిస్తే అది నేరుగా ఎదురొచ్చేవాళ్ళ మీద కొడుతుంది. ఎయిమ్ స్క్రూ తిప్పి దాన్ని సరిచేయలేం.

[తెర: మల్టీమీటర్, బల్బు కనెక్టర్.]

హాలోజెన్ కారు ఇప్పటికే చేతిలో ఉంటే ఏం చేయాలి? మొదట లెన్స్ చూడండి. పాలికార్బొనేట్ పసుపెక్కితే ఏ బల్బూ కాపాడదు. 800, 1,500, 3,000 నంబర్ల వాటర్ పేపర్‌తో తడిపి వరసగా రుద్ది, పాలిష్ చేసి, పైన యూవీ క్లియర్ కోట్ కొట్టాలి. ఆ చివరి పూత మానేస్తే కొన్ని నెలల్లోనే మళ్ళీ పసుపు.

తర్వాత వోల్టేజ్. ఇంజిన్ ఆన్, లైట్లు ఆన్. బ్యాటరీ దగ్గర ఒక రీడింగ్, బల్బు కనెక్టర్ వెనక నుంచి ఒక రీడింగ్. తేడా అర వోల్టు దాటితే లోపం వైరింగ్‌లో ఉంది. హాలోజెన్ వెలుగు వోల్టేజ్‌తో పాటు చాలా వేగంగా పడిపోతుంది: 13.2 నుంచి 12.2కి దిగితే దాదాపు నాలుగో వంతు పోతుంది. ముందు ఎర్తింగ్ శుభ్రం చేయండి. అప్పటికీ తేడా ఉంటే రిలే వైరింగ్ (ఈ అంకెలు రిలే పిన్నుల మీద ఉండే నంబర్లు): బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా 30కి, 87 నుంచి బల్బులకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 86కి పాత హెడ్‌లైట్ ప్లగ్, 85 ఎర్త్. ఫ్యూజ్‌ని బ్యాటరీకి దగ్గరగా పెట్టండి. పాత కార్లకి ఇది బాగా పనిచేస్తుంది. కంప్యూటర్ లైట్లకి కరెంటుని పల్సుల్లో పంపే కొత్త కార్లలో రిలే టకటకా కొట్టుకుంటుంది, వాటికి వేయకండి.

100/90 వాట్ల బల్బుల జోలికి వెళ్ళొద్దు. ప్లాస్టిక్ హోల్డర్ కరుగుతుంది, రిఫ్లెక్టర్ పూత మాడుతుంది. మంచి కంపెనీ 55 వాట్ల పెర్ఫార్మెన్స్ బల్బు చాలు. అది మామూలు బల్బు కంటే త్వరగా పోతుందని తెలిసే కొనండి.

అయినా హెచ్ఐడీయే కావాలా? ఎఫ్ఆర్-ఎస్‌కి బీఆర్‌జెడ్ పూర్తి హెడ్‌లైట్ అసెంబ్లీ వేసుకోవడం నిజాయితీ గల దారి. బేరం ఆడే ముందు బ్యాలాస్ట్‌లు దానితో వస్తున్నాయో లేదో అడగండి, చాలామంది వాటిని విడిగా అమ్ముకుంటారు. ప్లగ్ పిన్నులు పోల్చి చూసుకుని అడాప్టర్ హార్నెస్ వేయించండి.

[తెర: గులాబీ రంగులోకి మారిన హెచ్ఐడీ వెలుగు.]

హెచ్ఐడీ కారు కొనేటప్పుడు చల్లటి ఇంజిన్‌తో, చీకట్లో లైట్లు వేయించండి. కాసేపట్లో రెండూ ఒకే రంగుకి రావాలి. ఒకటి గులాబీ రంగుకి తిరిగితే బల్బు చివరి రోజుల్లో ఉంది. వెలిగి ఆరిపోతుంటే కుడి బల్బుని ఎడమకి, ఎడమది కుడికి మార్చి చూడండి. జబ్బు బల్బుతో పాటు అటు వెళ్తే బల్బు, అక్కడే ఉంటే బ్యాలాస్ట్ లేదా దాని కనెక్టర్‌లో నీళ్ళు. మార్చేది ఎప్పుడూ జతగానే, లేదంటే రెండు కళ్ళూ రెండు రంగుల్లో ఉంటాయి. డీ2ఎస్ 85 వోల్టులది, డీ4ఎస్ 42 వోల్టులది. చూడ్డానికి కవలలే గానీ ఒకదాని బదులు ఒకటి పనికిరాదు. చేయి పెట్టేముందు లైట్లు ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగండి. గాజుని వేళ్ళతో ముట్టుకోవద్దు. డీ1, డీ2 రకాల్లో పాదరసం ఉంటుంది, పగిలితే ముందు కిటికీలు తెరవండి.

చట్టం సంగతి. అమెరికాలో హాలోజెన్ హెడ్‌లైట్‌లో హెచ్ఐడీ కిట్ వేస్తే ఎఫ్ఎమ్‌వీఎస్ఎస్ 108 అనే కేంద్ర వాహన భద్రతా ప్రమాణానికి విరుద్ధం. మన దేశంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. సెక్షన్ 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.