కింద పెట్టడానికి వీల్లేని చెంబు

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివారు. మళ్లీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి, మన్నించండి.

'రేపటి మనిషి కోరికలు' అని అంశం ఇచ్చారు. కుండలు చేసేవాడికి ఇదెందుకని మీకు అనిపించే ఉంటుంది. మా పనే అదండీ. పచ్చిమట్టి ఆరి, ఆవంలో కాలేసరికి సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది. అంచేత సారె మీద తిరిగే గిన్నె మీ చేతికొచ్చే గిన్నె కాదు. ఇంకా పుట్టని గిన్నెకి కొలత తీస్తుంటాం.

ఇటలీలో ఇస్కియా అనే దీవి ఉంది. అక్కడ ఒక సమాధిలో 1954లో మట్టి గిన్నె ముక్కలు దొరికాయి. క్రీస్తు పూర్వం ఎనిమిదో శతాబ్దం నాటిది. దాని మీద గ్రీకులో, కుడి నుంచి ఎడమకి, మూడు పంక్తులు గీకారు. నెస్టర్ అనే పురాణ రాజుగారి గిన్నె పేరెత్తి, దీంతో తాగినవాళ్లని అప్పటికప్పుడే ప్రేమదేవత అఫ్రొడైటీ రేపే కోరిక పట్టుకుంటుందని రాశారు. చూశారా, తాగబోయేవాడింకా రాలేదు, వాడి కోరిక మాత్రం గిన్నె మీదికి ఎక్కేసింది!

సరే, అసలు సంగతికొస్తాను. ఒక శిక్షణ తరగతిలో, వందేళ్ల తర్వాతి మనిషికి ఒక పాత్ర చెయ్యండి, ఆ మనిషి కథ చెప్పండి అన్నాను. చాలామంది యంత్రాలు చేశారు. దానంతటదే నిండేది, మాట్లాడేది. ఒకమ్మాయి చెంబు తెచ్చింది. అడుగు గుండ్రం. ఎక్కడ పెట్టినా దొర్లిపోతోంది. "అడుగు చదును చెయ్యడం మర్చిపోయావా అమ్మా?" అన్నాను.

"లేదు సార్. ఒకరు పట్టుకోవాలి. నా కథలో ఆవిడ ఇంట్లో పనులన్నీ వాటంతటవే అయిపోతాయి. 'కాస్త ఇది పట్టుకో' అని ఆవిణ్ని ఎవరూ అడగరు. అలా అడిగించుకోవాలని ఆవిడ కోరిక."

నాకు నోట మాట రాలేదు.

ఆ చెంబుని ఒక ప్రదర్శనకి పంపాం. వాళ్లేం చేశారో తెలుసా? కింద ఇనప రింగు పెట్టి, అద్దాల పెట్టెలో కూర్చోబెట్టి, 'ముట్టుకోవద్దు' అని అట్ట తగిలించారు. ముట్టుకోవద్దు! పక్కన కథ రాసిన కాగితం పెట్టమంటే చోటు లేదన్నారు. ముట్టుకోవద్దు అనడానికి మాత్రం చోటుంది. వెనక వరసలో నవ్వుతున్నారు, నవ్వండి, నాకు మాత్రం ఇప్పటికీ మండుతుంది. పోనీ జాగ్రత్తగానైనా పంపారా? మూతి దగ్గర పెచ్చు ఊడగొట్టి పంపారు.

ఇంకా రెండు మూడు విషయాలు రాసుకొచ్చాను. వదిలేద్దాం. సంచిలో ఆ చెంబు ఉంది, ఇదిగో. నీళ్లు పోశాను. కాగితాలు తిప్పాలంటే ఒక చెయ్యి చాలడం లేదు, ఈ బల్ల మీద పెడితే ఒలికిపోతుంది. ముందు వరసలో బాబూ, నిన్నే, కాస్త ఇలా రా. ఇది పట్టుకో.