నైసియా సభకు ముందే పాడిన కీర్తన

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ వందనాలు. క్రీస్తు దైవత్వంపై మీ సందేహాలకు జవాబులు ఇవ్వడానికి, కొత్త నిబంధన బోధించే అయ్యగారు ఈ సాయంత్రం మన స్టూడియోలో ఉన్నారు. తెనాలి నుంచి ఒక సోదరి లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

మొదటి శ్రోత: వందనాలు అయ్యగారూ. మా అబ్బాయి హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. యేసును మొదట్లో ఎవరూ దేవుడని అనుకోలేదనీ, క్రీ.శ. 325లో నైసియా అనే పట్టణంలో బిషప్పులు కూడి ఓట్లు వేసి ఆయనను దేవునిగా చేశారనీ ఏదో వీడియోలో చూశాడట. నాకు ప్రార్థన చేయడం తెలుసు గాని ఈ చరిత్ర తెలియదు. వాడికి ఏమని చెప్పాలి?

బోధకుడు: వందనాలమ్మా. ముందుగా అబ్బాయిని కోప్పడకండి. అతడు అడిగింది తేదీకి సంబంధించిన ప్రశ్న కాబట్టి తేదీలతోనే జవాబు చెప్పవచ్చు. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ 325లో నైసియాలో సభను పిలిపించిన మాట నిజమే. అయితే అక్కడ జరిగిన వాదం యేసు మనిషా, దేవుడా అన్నది కాదు. ఆ వాదానికి కారకుడైన అరియస్, అంటే అలెగ్జాండ్రియా సంఘంలోని ఒక పెద్ద, అతడు కూడా యేసును వట్టి మనిషి అనలేదు. ఆయన లోకానికంటే ముందే ఉన్నాడనీ, లోకం ఆయన ద్వారానే కలిగిందనీ ఒప్పుకుంటూనే, ఆయన లేని సమయం ఒకటి ఉందనీ, తండ్రి ఆయనను సృజించాడనీ బోధించాడు. సభ ఆ బోధను తిరస్కరించింది. దాదాపు మూడు వందల మంది బిషప్పులు వచ్చిన సభలో చివరిదాకా అరియస్ పక్షాన నిలిచినవారు ఇద్దరే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. తండ్రికీ కుమారునికీ తత్వం ఒక్కటే అని చెప్పడానికి సభ వాడిన గ్రీకు పదం బైబిల్లో లేదు. బైబిలు మాటలు ఏవి చెప్పినా అరియస్ పక్షంవారు వాటికి తమ అర్థం తాము చెప్పుకుని సరేననడంతో, వాళ్లు ఒప్పుకోలేని పదమే కావలసి వచ్చింది. పదం కొత్తదే గాని విశ్వాసం కొత్తది కాదు.

అది ఎలా తెలుస్తుందంటారా? నైసియా ఉన్నది బితూనియ ప్రాంతంలో, అంటే నేటి టర్కీలో. పేతురు తన మొదటి పత్రికను ఎవరికి రాశాడో చూడండి, ఆ దేశాల వరుసలో బితూనియ ఉంటుంది. అదే ప్రాంతాన్ని ఏలుతున్న ప్లినీ అనే రోమా అధికారి దాదాపు 112లో ట్రాజన్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. విశ్వాసాన్ని విడిచిపెట్టినవారిని అతడు విచారించగా, తాము ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని, దేవునికి పాడినట్టు క్రీస్తుకు కీర్తన పాడేవాళ్లమని చెప్పారు. అంతటితో నమ్మక, సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు దాసీ స్త్రీలను చిత్రహింసలు పెట్టి మరీ ప్రశ్నించాడు. ఆ ఇద్దరి పేర్లు కూడా మనకు మిగలలేదు. ఆ పంక్తులు చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. నైసియా సభ కూడడానికి రెండు వందల ఏళ్ల ముందు, ఆ గడ్డమీదే, వాళ్లు యేసును ఆరాధించారమ్మా. ఇది క్రైస్తవులు తమ గురించి తాము రాసుకున్నది కాదు, వారిని శిక్షించిన అధికారి రాసినది.

ఇంకా వెనక్కి వెళ్తే, దాదాపు క్రీ.శ. 60లో పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక ఉంది. ప్రతి మోకాలు యెహోవా ఎదుట వంగుతుందని యెషయా 45:23లో ఉన్న మాటను పౌలు రెండవ అధ్యాయంలో యేసు నామానికి చెప్పాడు. పౌలు యూదుడు, దేవుడు ఒక్కడే అని పసితనం నుంచి పలికినవాడు. అలాంటివాడు ఆ మాటను పొరపాటున రాయడు. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండు భాగాలూ కలిపి చదవండి.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి ఒక సోదరుడు మాట్లాడుతున్నారు.

రెండవ శ్రోత: అయ్యగారూ, మా ఇంటికి ఇద్దరు బోధకులు వస్తున్నారు. కొలొస్సయి 1:15 చూపించి, యేసు “సర్వసృష్టికి ఆదిసంభూతుడు” అంటే దేవుడు మొట్టమొదట సృజించినది ఆయననే అని అర్థమంటున్నారు. మాట చూస్తే అలాగే ఉంది మరి.

బోధకుడు: మీ చేతిలో బైబిలు ఉందా? 89వ కీర్తన 27వ వచనం తీసి చదవండి.

రెండవ శ్రోత: “కావున నేను అతని నా జ్యేష్ఠకుమారునిగా చేయుదును, భూరాజులలో అత్యున్నతునిగా నుంచెదను.”

బోధకుడు: ఈ మాట ఎవరి గురించి? 20వ వచనం చూడండి.

రెండవ శ్రోత: దావీదు గురించి, అయ్యగారూ.

బోధకుడు: దావీదు యెష్షయికి ఎన్నో కుమారుడు?

రెండవ శ్రోత: ఎనిమిదోవాడు... కడసారివాడు.

బోధకుడు: కడసారివాణ్ణి దేవుడు జ్యేష్ఠునిగా చేస్తానంటున్నాడు. అంటే ఇక్కడ ఆ మాట పుట్టుక వరుసను చెప్పడం లేదు, అధికారాన్నీ వారసత్వాన్నీ చెబుతోంది. కీర్తన గ్రీకు అనువాదంలో జ్యేష్ఠుడు అన్నచోట ఏ పదం ఉందో, పౌలు రాసిన కొలొస్సయి వచనంలోనూ అదే పదం ఉంది. మొదట సృజింపబడినవాడు అని చెప్పదలిస్తే పౌలు ఆ సంగతే సూటిగా రాసి ఉండేవాడు. పైగా తరువాతి వచనం “ఏలయనగా” అని మొదలవుతుంది, అంటే ఆదిసంభూతుడని ఎందుకు అన్నాడో అక్కడే చెబుతున్నాడు. ఆకాశంలోనివీ భూమిమీదివీ, కనబడేవీ కనబడనివీ, “సర్వమును” ఆయనయందు సృజింపబడ్డాయట. సృష్టి అంతా ఆయన ద్వారా కలిగితే, ఆయన ఆ సృష్టిలో ఒకడు ఎలా అవుతాడు? వారి అనువాదంలో ఆ చోట “ఇతర” అనే అర్థమిచ్చే మాట కనిపిస్తే, అది పౌలు రాసిన గ్రీకులో లేదని మర్యాదగా చెప్పండి.

రెండవ శ్రోత: శనివారం మళ్లీ వస్తామన్నారు. ఈసారి తలుపు తీయవద్దని మా ఇంట్లో అంటున్నారు.

బోధకుడు: తీయండి, కూర్చోబెట్టి టీ ఇవ్వండి. 89వ కీర్తనను వాళ్ల బైబిల్లోనే వాళ్లతోనే చదివించండి. అంతకుముందు, శుక్రవారం రాత్రి మీరు కొలొస్సయి మొదటి అధ్యాయం 9 నుంచి 23 వరకు రెండుసార్లు పైకి చదివి ఉంచుకోండి.