134 మ్యాచ్‌లకు 38 గోల్సేనా?

[తెర మీద రెండే అంకెలు: 134, 38]

ముప్పై ఎనిమిది. ఈ అంకె చెప్పగానే ఎదుటివాళ్ల మొహంలో ఒక చప్పదనం కనిపిస్తుంది చూడండి, నా గొడవంతా దానితోనే.

ఆండ్రెస్ ఓపెర్. ఎస్టోనియా జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిపెట్టిన మనిషి. 1995లో మొదలుపెట్టి 2014 దాకా ఆడాడు. ఆ తర్వాత కోచ్ అయ్యాడు. సంక్రాంతికి భోజనాల దగ్గర మా బావమరిదికి ఈయన కథ ఉత్సాహంగా చెప్పబోయాను. "134 మ్యాచ్‌లకు ముప్పై ఎనిమిదేనా బావా? మన ఛెత్రి తొంభై దాటించాడు" అన్నాడు అరిసె కొరుకుతూ. భారత జట్టు స్ట్రైకర్ సునీల్ ఛెత్రి గొప్పతనంతో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ "ఏనా"తో. రెండే అక్షరాలు. ఈ వీడియో మొత్తం ఆ రెండక్షరాలకు జవాబు.

ముందు లెక్క ఒప్పుకుందాం. 134ను 38తో భాగిస్తే దాదాపు మూడున్నర. అంటే మూడున్నర మ్యాచ్‌లకు ఒక గోల్. పెద్ద జట్ల స్ట్రైకర్ల, అంటే గోల్ కొట్టడమే పనిగా ముందు వరుసలో ఆడేవాళ్ల పక్కన పెడితే మామూలుగానే ఉంటుంది. కానీ ఒక రైతును ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయని అడిగేముందు, ఆ పొలానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడగమా?

[తెర మీద రెండు పొలాలు: ఒకటి కాలువ పక్కన, ఒకటి మెట్ట మీద]

కాలువ కింద మాగాణి ఉన్న రైతుకు నాట్లు నాలుగు రోజులు ఆలస్యమైనా నీళ్లు రేపూ వస్తాయి, ఎల్లుండీ వస్తాయి. తప్పు చేసి దిద్దుకునే వెసులుబాటు ఉంది. బ్రెజిల్ స్ట్రైకరో, జర్మనీ స్ట్రైకరో కాలువ కింద రైతులు. ఒక అవకాశం చేజారితే పది నిమిషాలు తిరక్కుండా ఇంకొకటి కాళ్ల దగ్గరికి వస్తుంది. మెట్ట రైతు సంగతి వేరు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు? నేల పదునుగా ఉన్న ఒకటి రెండు రోజుల్లోనే గొర్రు కట్టాలి. గొర్రు మరమ్మతులో ఉన్నా, ఎద్దు కుంటుతున్నా, విత్తనం ఇంకా షావుకారు కొట్లోనే ఉన్నా, ఆ ఏడాదికి అంతే సంగతులు.

ఓపెర్ మెట్ట రైతు. ఈ పోలికను నేను చివరిదాకా లాగుతాను, విసుక్కోకండి.

[తెర మీద బాల్టిక్ సముద్ర తీర పటం, టాలిన్ మీద చుక్క]

ఆ నేల మెట్ట ఎందుకైంది? ఎస్టోనియా జనాభా సుమారు 13 లక్షలు. "చిన్న దేశం కదా, అంతే" అని అక్కడితో వదిలేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఐస్‌లాండ్ అంతకంటే చాలా చిన్నది. 2016 యూరో కప్‌లో ఇంగ్లండ్‌ను ఇంటికి పంపింది. కాబట్టి జనాభా ఒక్కటే కారణం కాదు. ఎస్టోనియాలో కాలువ మధ్యలో తెగిపోయింది.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆ దేశానికి సొంత జట్టు ఉండేది. ఎడుఆర్డ్ ఎల్మాన్-ఏల్మా అనే స్ట్రైకర్ ఆ జట్టుకు 21 గోల్స్ కొట్టాడు. 1940లో సోవియట్ యూనియన్ దేశాన్ని ఆక్రమించింది. జాతీయ జట్టు రద్దయింది. మరుసటి ఏడాదే ఎల్మాన్ సోవియట్ నిర్బంధంలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు స్వతంత్ర దేశంగా ఎస్టోనియాకు జాతీయ జట్టే లేదు. ఆ కాలంలో ఇంకో మార్పు కూడా జరిగింది. అక్కడ ఫుట్‌బాల్ క్రమంగా రష్యన్ మాట్లాడేవాళ్ల ఆటగా ముద్రపడింది. ఎస్టోనియన్ ఇళ్ల పిల్లలు ఎక్కువగా బాస్కెట్‌బాల్ వైపు, స్కీయింగ్ వైపు వెళ్లిపోయారు. పొలం పని తాత చేయకపోతే తండ్రికి రాదు, తండ్రికి రాకపోతే కొడుక్కి ఎవరు చూపిస్తారు? ఏ నెలలో ఏ విత్తనం వేయాలో చెప్పే మనిషే ఊళ్లో లేకుండా పోయాడు.

1991లో స్వాతంత్ర్యం తిరిగి వచ్చింది. 1992 జూన్‌లో స్లోవేనియాతో రాజధాని టాలిన్‌లో మ్యాచ్ ఆడి 1-1తో ముగించారు. ఆరంభం పర్వాలేదు అనిపిస్తుంది. తర్వాతి అంకెలు చూడండి. 1994 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో 10 మ్యాచ్‌లు, కొట్టింది ఒకే ఒక్క గోల్. 1996 యూరో అర్హత పోటీల్లో మరో 10 మ్యాచ్‌లు, పదీ ఓటములే, కొట్టినవి మూడు.

[తెర మీద: 20 మ్యాచ్‌లు, 4 గోల్స్]

ఇది ఒక ఆటగాడి లెక్క కాదు, జట్టు మొత్తం లెక్క. పదకొండు మందీ కలిసి అయిదు మ్యాచ్‌లకు ఒక గోల్. ఓపెర్ ఒక్కడూ మూడున్నర మ్యాచ్‌లకు ఒకటి. బావమరిదీ, వింటున్నావా?

సరే, నిజాయతీగా ఒక మాట. ఆ ఇరవై మ్యాచ్‌లు అర్హత పోటీలు, ఎదురుగా ఇటలీ, క్రొయేషియా, పోర్చుగల్ లాంటివాళ్లు. ఓపెర్ ఆడిన 134లో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఉన్నాయి, తేలికపాటి జట్లు కూడా ఉన్నాయి. రెండు లెక్కలనూ ఒకే తూకంలో వేయలేం. అయినా ఏ నేల మీద నిలబడి ఆడాడో తెలియడానికి ఈ పోలిక చాలు.

1977 నవంబర్‌లో టాలిన్‌లో పుట్టాడు. 1995లో జాతీయ జట్టు చొక్కా వేసుకునేనాటికి పదిహేడేళ్లు. సొంత క్లబ్ ఫ్లోరా. 1996లో ఐస్‌లాండ్ నుంచి టెయితుర్ థోర్దర్‌సన్ వచ్చి జాతీయ జట్టుకూ ఫ్లోరాకూ ఆయనే కోచ్ అయ్యాడు. ఈయన కూడా ఒకప్పుడు ముందు వరుసలో ఆడి గోల్స్ కొట్టినవాడే. అంటే ఓపెర్ కోచ్ కావడానికి ఎన్నో ఏళ్ల ముందే, గోల్ కొట్టడం నేర్చినవాడు కోచ్ అయితే ఎలా ఉంటుందో దగ్గరుండి చూశాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అదే 1996లో స్కాట్లాండ్‌తో ఒక మ్యాచ్ ఉంది. దీపాల గురించి గొడవ వచ్చింది, ఆట సమయం ముందుకు జరిపారు, ఎస్టోనియా జట్టు మైదానానికే రాలేదు. స్కాట్లాండ్ ఒక్కటే బంతి కదిలించింది, మూడు సెకన్లకు రిఫరీ ఈల ఊదాడు. ఆ కథ చెప్పాలని నోరు ఊరుతోంది కానీ అది వేరే వీడియో.

[తెర మీద మైదానం గీత. ఎదుటి సగంలో ఒక్క నీలం చుక్క, చుట్టూ నాలుగు ఎర్ర చుక్కలు]

ఇప్పుడు అసలు పని చూద్దాం. మెట్ట స్ట్రైకర్ తొంభై నిమిషాలూ ఏం చేస్తాడు? బంతి ఎదుటివాళ్ల దగ్గరే తిరుగుతుంటుంది. తనవాళ్లు పదిమందీ వెనక్కి జరిగి సొంత గోల్ ముందు కాపలా ఉంటారు. ముందు ఇతనొక్కడే. వెనక నుంచి ఎవరో ప్రాణభయంతో బంతిని ఎత్తి పైకి తంతారు. అది పాస్ కాదు, వదిలించుకోవడం. ఆ బంతిని ఛాతీతోనో తొడతోనో ఆపాలి. వీపు మీద ఎనభై కిలోల డిఫెండర్ ఆనుకుని ఉంటాడు. తనవాళ్లు నలభై గజాలు పరిగెత్తి వచ్చేదాకా, అంటే అయిదారు సెకన్లు, దాన్ని దాచి పెట్టాలి. గట్టు తెగకుండా మడిలో నీళ్లు ఆపడం లాంటిదే ఇది. ఇందులో గోల్ లేదు, పేపర్లో పేరు రాదు. కానీ ఆ అయిదు సెకన్లే వెనకవాళ్లకు ఊపిరి.

రెండో పని ఇంకా నిరర్థకంగా కనిపిస్తుంది. ఎదుటి డిఫెండర్లు తమలో తాము బంతి ఇచ్చిపుచ్చుకుంటుంటే ఇతను ఒక్కడే వాళ్ల మధ్య పరుగులు పెడతాడు. బంతి దొరకదు. దొరకదని అతనికీ తెలుసు. బంతి తనకు అనుకూలమైన పక్కకు పోయేలా తోలడమే అతని ఉద్దేశం. వాన పడకముందే చాలు గీసి ఉంచడం అన్నమాట. టీవీలో చూస్తున్న మనం "ఉత్తినే పరిగెత్తుతున్నాడు" అనుకుంటాం. నేనూ అనుకునేవాణ్ణి.

ఇవన్నీ చేసి, ఒళ్లంతా అలిసిపోయాక, డెబ్బయ్యో నిమిషంలో వాన పడుతుంది. ఒక్క జల్లు. ఒక డిఫెండర్ కాలు జారుతుంది, బంతి ముందుకు దొర్లుతుంది. కాలువ కింద స్ట్రైకర్‌కు అది ఆ రోజు ఆరో అవకాశం, ఇతనికి మొదటిది, బహుశా చివరిది. అదునూ పదునూ అంటే ఇదే. 134 మ్యాచ్‌లలో 38 సార్లు అతని గొర్రు సిద్ధంగా ఉంది.

[తెర మీద: 2001 జూన్ 2, టాలిన్]

నాకు ఇష్టమైన వాన ఇది. ప్రపంచ కప్ అర్హత పోటీ. టాలిన్‌లోని లిల్లెక్యులాలో కొత్త స్టేడియం ఆ రోజే మొదలు. వచ్చినవాళ్లు నెదర్లాండ్స్: లూయీ వాన్ గాల్ కోచ్, ముందు వరుసలో క్లైవెర్ట్, వాన్ నిస్టెల్‌రూయ్. కాలువ కాదు, నదే వచ్చింది. మొదటి సగంలో గోల్ లేదు. రెండో సగంలో ఓపెర్ కొట్టాడు. కొత్త స్టేడియంలో మొట్టమొదటి గోల్ స్థానికుడిదే. డచ్చివాళ్లు సమం చేశారు. అప్పుడు ఇంద్రెక్ జెలిన్‌స్కీ ఇంకొకటి కొట్టాడు. 2-1. అయిదారేళ్ల ముందు ఇరవై మ్యాచ్‌లకు నాలుగు గోల్స్ కొట్టిన జట్టు ఒక్క మ్యాచ్‌లో నెదర్లాండ్స్ మీద రెండు కొట్టి ఆధిక్యంలో ఉంది! చివరి పది నిమిషాల దాకా అలాగే ఉంది.

తర్వాత మూడు గోల్స్ పడ్డాయి. 2-4. పైరు కోతకు వచ్చాక వడగళ్లు.

ఫలితాల పట్టికలో చూస్తే "ఎస్టోనియా 2, నెదర్లాండ్స్ 4" అని ఒక మామూలు వరుస. పట్టికలు చూసి మాట్లాడేవాళ్లతో నా తగువు ఇదే. పోనీ, ఆ 2002 ప్రపంచ కప్‌కు నెదర్లాండ్స్ కూడా వెళ్లలేకపోయింది. నాకు ఇందులో కొంచెం తృప్తి ఉంది, దాచను.

సమయం తరిగిపోతోంది, క్లబ్బుల సంగతి గబగబా చెప్పేస్తాను. 1999లో డెన్మార్క్‌లోని ఆల్‌బోర్. 2003లో టార్పిడో మాస్కో. సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన పన్నెండేళ్లకు ఒక ఎస్టోనియన్ మాస్కోలో గోల్స్ కొట్టడానికి జీతం తీసుకున్నాడు! దీని మీద ఒక పది నిమిషాలు మాట్లాడవచ్చు, మాట్లాడను. 2005లో నెదర్లాండ్స్‌లోని రోడా, అక్కడ కొన్నేళ్లు. 2009లో షాంఘై షెన్‌హువా. మళ్లీ నెదర్లాండ్స్‌లో ఏడీఓ డెన్ హాగ్. ఆ తర్వాత సైప్రస్‌లో ఏఈకే లార్నకా, నేయా సలమినా. మొత్తం ఎనిమిది క్లబ్బులు, ఆరు దేశాలు. వలస కూలీ జీవితమే, జీతం ఎక్కువ అంతే. కానీ ఈ తిరుగుడు వల్ల ఒక లాభం ఉంది: కాలువ కింద సేద్యం ఎలా ఉంటుందో అతను కళ్లారా చూశాడు. డచ్చి లీగ్‌లో బంతి కాళ్ల దగ్గరికే వస్తుంది. జాతీయ జట్టుకు రాగానే మళ్లీ ఆకాశం వైపు చూడాలి. రెండు రకాల సేద్యం తెలిసిన రైతు మా ఊళ్లో అయితే అందరికీ సలహాదారు.

అందుకే కోచ్. ఇది సరిగా చెప్పడానికి ఇంకో పావుగంట కావాలి, నా దగ్గర రెండు నిమిషాలున్నాయి.

[తెర మీద నీలం చొక్కాల బెంచీ]

మార్టిన్ రెయిమ్ 2016 నుంచి 2020 దాకా జాతీయ జట్టు ప్రధాన కోచ్. దేశానికి 157 మ్యాచ్‌లు ఆడిన మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడేవాడు. ఓపెర్ అతని పక్కన సహాయక కోచ్. ఒకప్పుడు బంతి అందించినవాడు పెద్ద కుర్చీలో, అందుకున్నవాడు పక్క కుర్చీలో. ఇద్దరూ తెగిపోయిన కాలువ చివర పెరిగినవాళ్లే. అప్పుడు ఆ కాలువకు పడ్డ గండి పూడ్చడం వాళ్ల పని.

పూడ్చారా? 2020 యూరో అర్హత పోటీలు చూడండి. 8 మ్యాచ్‌లు, ఒకే ఒక్క పాయింటు, కొట్టినవి రెండు గోల్స్. 2019 జూన్‌లో మైన్జ్‌లో జర్మనీ చేతిలో 0-8. దేశంలోనే అత్యధిక గోల్స్ కొట్టిన మనిషి బెంచీ మీద కూర్చుని ఇది చూశాడు. వాన పడితే ఏం చేయాలో అతనికి తెలుసు, కానీ గీత దాటి లోపలికి వెళ్లలేడు. గొర్రు పట్టిన చేతికి గట్టు మీద కూర్చోవడం కంటే పెద్ద శిక్ష ఉండదేమో.

"మంచి స్ట్రైకర్ అయినంత మాత్రాన మంచి కోచ్ అవుతాడా" అని అడుగుతారు, ఈ 0-8 చూపిస్తారు. ఇదీ ఆ "ఏనా" లాంటి ప్రశ్నే. సహాయక కోచ్ వాన కురిపించలేడు. శిక్షణలో ఇరవై ఏళ్ల కుర్రాడిని నిలబెట్టి, బంతి రాకముందు భుజం మీదుగా ఎన్నిసార్లు చూడాలో, డిఫెండర్ బరువు ఏ కాలి మీద ఉందో వీపుతో ఎలా పసిగట్టాలో, ఉత్తి పరుగు ఎందుకు ఉత్తిది కాదో చూపించగలడు. కుంట తవ్వడం అంటారు మా వైపు. తవ్విన ఏడాదే నిండాలని లేదు.

సమయం అయిపోయింది, ఒక్క అంకె చెప్పి ఆపేస్తాను. గోల్స్ పట్టికలో ఓపెర్ తర్వాతి పేరు నెదర్లాండ్స్ మీద ఆ రెండో గోల్ కొట్టిన జెలిన్‌స్కీదే, 27. ఆ వెనకాలే మిడ్‌ఫీల్డర్ కాన్‌స్టంటిన్ వాసిల్యెవ్, 26. జెలిన్‌స్కీ ఆడటం ఎప్పుడో ఆపేశాడు. 27కీ 38కీ మధ్య పదకొండు గోల్స్ ఖాళీ. ఆ ఖాళీని దాటి తన పేరును రెండో వరుసలోకి నెట్టే కుర్రాడిని తయారుచేయడమే ఓపెర్ ఆ బెంచీ మీద కూర్చుని చేసిన పని.

బావమరిదికి ఈ వీడియో పంపిస్తున్నాను. అరిసెలు ఇంకా నాలుగు మిగిలాయి, వాడికి ఇవ్వను.