మంద పోయాక ఎప్పటికో వచ్చే డబ్బు

అందరికీ నమస్కారం.

అమెరికాలో రైతు సబ్సిడీలు అనగానే మనకు మొక్కజొన్న, సోయా, పత్తి పొలాలే గుర్తొస్తాయి. ఈరోజు నేను గొడ్లనే నమ్ముకున్నవాళ్ళ గురించి, అందులోనూ సౌత్ డకోటా పడమటి భాగం గురించి మాట్లాడతాను. అక్కడ మీడ్ కౌంటీ లాంటి చోట్ల వాన తక్కువ, పంట పొలాలకన్నా గడ్డిబీళ్ళే ఎక్కువ. వసంతంలో పుట్టిన దూడల్ని ఆకురాలు కాలంలో అమ్మితేనే ఏడాది ఆదాయం. బ్యాంకు అప్పు తీరేదీ దాంతోనే.

2013 అక్టోబర్ మొదటి వారంలో, సరిగ్గా ఆ అమ్మకాల ముందు, అట్లాస్ అనే మంచు తుఫాను వచ్చింది. ముందు చలివాన. గొడ్లకు అప్పటికింకా చలికాలపు బొచ్చు రాలేదు, చాలా మందలు దాపులేని వేసవి బీళ్ళలోనే ఉన్నాయి. తడిసి ముద్దైన వాటిమీద మంచు కురిసింది, గంటకు వంద కిలోమీటర్లు దాటే గాలి వీచింది. ఆ గాలికి వీపు తిప్పి నడవడం పశువు స్వభావం. మంచులో పూడిపోయిన కంచెలమీదుగానే మైళ్ళకొద్దీ నడిచాయి. వాగుల్లో, కుంటల్లో పడి కొన్ని, చలికి కొన్ని, వేలకు వేలు చచ్చిపోయాయి. ఒక ఆవు చస్తే దాని వెంట ఉన్న దూడా, కడుపులో ఉన్న దూడా, అంటే రెండేళ్ళ ఆదాయం పోయినట్టే.

ఇలాంటి నష్టానికి లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్ అనే పథకం ఉంది. ఏటా మామూలుగా జరిగే చావుల్ని మినహాయించి, మిగిలినవాటికి సగటు మార్కెట్ ధరలో 75 శాతం ఇస్తారు. కానీ దాని గడువు 2011 సెప్టెంబర్‌తోనే ముగిసింది. అక్కడి పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్, కొత్త చట్టం చేయలేదు. పైగా తుఫాను రోజుల్లో ఫెడరల్ ప్రభుత్వమే షట్‌డౌన్‌లో ఉంది, అంటే బడ్జెట్ గొడవ తేలక ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డాయి. రైతు వెళ్ళి నష్టం చెప్పుకోవాల్సిన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ కౌంటీ ఆఫీసులకు తాళాలు!

కళేబరాలేమో ఆగవు కదా. వాటిని పూడ్చక తప్పదు, పూడిస్తే సాక్ష్యం పోతుంది. అందుకే చెవి ట్యాగు, ఒంటిమీది ముద్ర కనిపించేలా ఫోటోలు తీసుకోవాలి, పశువైద్యుడి చేతనో పక్కవాళ్ళ చేతనో రాయించుకోవాలి. చేత్తో సాకిన గొడ్డు పక్కన నిలబడి ఫోటో తీసుకోవడం ఎంత నరకమో ఆలోచించండి.

2014 ఫిబ్రవరి 7న ఫార్మ్ బిల్లు, అంటే వ్యవసాయ పథకాల బిల్లు, చట్టమైంది. పథకాన్ని శాశ్వతం చేసి, 2011 అక్టోబర్ నుంచి జరిగిన నష్టాలకూ వర్తింపజేసింది. దరఖాస్తులు మొదలైంది ఏప్రిల్ 15న. ఈ ఆరునెలలూ అప్పుల వాయిదాలు ఎవరి కోసమూ ఆగలేదు. స్థానిక పశుపోషకుల సంఘాలు విరాళాలు పోగుచేసి కొంత ఆదుకున్నాయి.

సబ్సిడీలు పెద్దవాళ్ళకే పోతాయనే విమర్శ ఉంది. అందులో నిజం ఉంది. తలకింత అని లెక్కగట్టే చోట పెద్ద మందకే ఎక్కువ డబ్బు అందుతుంది. కరువులో మేతకిచ్చే సాయానికి మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్ల పరిమితి పెట్టింది అందుకే. పరిమితుల మీద ఎంతైనా వాదించుకుందాం. అయితే ఆలస్యం అయినప్పుడు ముందు మునిగేది చిన్నవాడే. పెద్దవాడికి బ్యాంకు ఇంకో ఏడాది గడువిస్తుంది.

2025 అక్టోబర్‌లో మళ్ళీ షట్‌డౌన్ వచ్చింది, ఆ ఆఫీసులు మళ్ళీ మూతపడ్డాయి. మూడు వారాల తర్వాత ఒక్కో ఆఫీసులో ఇద్దరేసి ఉద్యోగులతో తెరిచారు. ఆ ఇద్దర్నీ మొదటి రోజు నుంచే ఉంచాలి. బడ్జెట్ గొడవ ఎంతకాలం సాగినా, చచ్చిన గొడ్డును లెక్క రాసుకునే మనిషి కౌంటీలో ఉండి తీరాలని చట్టంలోనే రాయాలి.